తవ్వేదొకరు... పూడ్చేదెవరు?

కొత్త రోడ్డు వేసిన రోజు గల్లీలో పండగే. పిల్లలు బ్యాటూ బాలూ పట్టుకుని దిగిపోతారు. పెద్దవాళ్లు రాత్రి భోజనాలయ్యాక నాలుగడుగులు వేసొస్తారు. ఆ సంబరం ఎన్నాళ్లు? గట్టిగా నెల. ఓ పొద్దున్నే గడ్డపారలు దిగుతాయి. మంచినీళ్ల పైపట! అది పూడ్చీ పూడ్చకముందే డ్రైనేజీ అట. ఆ వెనకే కరెంటు కేబుల్. రామంతాపూర్, ఉప్పల్, నాచారం... ఎక్కడుండే వారికైనా తెలిసిన కథే ఇది.

'ఆ తవ్వుడేదో ముందే తవ్వుకుంటే వాళ్ల సొమ్మేం పోయింది?' అని విసుక్కుంటాం. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం లెక్కల పుస్తకాల్లో ఉంది.

చూడ్డానికి రోడ్డు ఒక్కటే. హక్కుదార్లు నలుగురు. పైపొర నగరపాలక సంస్థది. అడుగున మంచినీరు, మురుగునీటి పైపులు 1989 చట్టంతో ఏర్పడ్డ జలమండలివి. పక్కన స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థవి. వాటికి వేలాడే తీగలు కేబుల్, ఇంటర్నెట్ కంపెనీలవి. ఎవరి బడ్జెట్ వారిది, ఎవరి టెండరు వారిది. ఒకరికి నిధులొచ్చిన నెలలో మరొకరికి రావు. వచ్చినవాళ్లు ఆగరు!

తవ్వడం తప్పు కాదు. పైపులు వేయాలంటే తవ్వాల్సిందే. పూడ్చడంలోనే ఉంది కిటుకంతా. మట్టిని పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరనీ గట్టిగా దిమ్మిస చేయాలి. ఒక్కసారే కుమ్మరించి పైన తారు పూస్తే, మొదటి వానకే కుంగుతుంది. ఆ సందులోంచి నీళ్లు కిందికి దిగి పక్కనున్న మంచి రోడ్డునీ తినేస్తాయి.

గుంతలో పడితే నడుం నొప్పితో బయటపడొచ్చు. అన్నిసార్లూ అంతటితో పోదు. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్ గోకుల్‌నగర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు. రథం లాగే వాహనం మొరాయించింది. కుర్రాళ్లే చేతులతో లాగుతున్నారు. రథానికి కరెంటు తీగ తగిలింది. అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత గానీ స్తంభాల మీది తీగల చిక్కుముళ్లు అందరి కళ్లలో పడలేదు. నగరమంతటా కేబుళ్లు కోశారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి వేలాడిన తీగల్ని సరిచేయాలని తోచడానికి అయిదు పాడెలు లేవాల్సి వచ్చింది!

పోనీ నియమాలు లేవా అంటే, ఉన్నాయి. నగర రోడ్ల కింద ఏ లైను ఎక్కడ, ఎంత లోతులో ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2011 నాటి మార్గదర్శకాల్లోనే చెప్పింది. తవ్వేముందు అక్కడ లైన్లున్న సంస్థలకు కబురందేలా కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. కాగితం మీది కొలత గల్లీలోకి దిగాలి, అంతే.

డబ్బు సంగతికొద్దాం. రోడ్డు వేయడానికి శంకుస్థాపనలుంటాయి, శిలాఫలకాలుంటాయి. బాగుచేయడానికి ఏముంటాయి? అందుకే నిర్వహణ ఎప్పుడూ సవతి బిడ్డే. ఈ తీరు మార్చాలని హైదరాబాద్‌లో 2019-20లో ఓ ప్రయత్నం జరిగింది. 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను అయిదేళ్లపాటు ఏజెన్సీలకు అప్పగించారు. ఖర్చు అంచనా సుమారు 1,839 కోట్లు. అంటే కిలోమీటరుకి ఏడాదికి దాదాపు 52 లక్షలు. వేయడం, అతుకులేయడం, ఊడ్చడం, కాలిబాట... అన్నీ వారి పూచీనే. గుంత పడితే ఎవరిని అడగాలో తెలిసింది. ఆలోచన మంచిదే. కానీ అప్పట్లో మహానగరంలో ఉన్న రోడ్లు సుమారు 9 వేల కిలోమీటర్లు! నూటికి ఎనిమిది పాళ్లకే ఆ యోగం పట్టింది. మిగతావాటిలో మన గల్లీలే ఎక్కువ.

కాబట్టి ఈసారి రోడ్డు వేస్తామని ఎవరైనా కొబ్బరికాయతో వస్తే దండలతో పాటు మూడు ప్రశ్నలు సిద్ధం చేసుకోండి. కిందా పైనా లైన్ల పని ముగిసిందా? ఎవరైనా మళ్లీ తవ్వితే పూడ్చే పూచీ ఎవరిది? అయిదేళ్ల నిర్వహణకు పద్దులో డబ్బు పెట్టారా?

జవాబులు కాగితం మీద రాసిచ్చాకే కొబ్బరికాయ కొట్టనివ్వండి.