చికిత్సకూ ఒక బైండోవర్

నాటుసారా కాసేవాణ్ణి ఎక్సైజు వాళ్లు పట్టుకుంటే మన పల్లెల్లో ముందు వినబడే మాట బైండోవర్. తాసీల్దారు ముందు నిలబెడతారు. ఇకమీదట బుద్ధిగా ఉంటానని, మాట తప్పితే ఇంత సొమ్ము కడతానని రాయించుకుంటారు. వేలిముద్ర వేసి ఇంటికొచ్చినవాడు పొలానికి పోతున్నాడో, మళ్లీ బట్టీ దగ్గరికే పోతున్నాడో కనుక్కునేవాళ్లుండరు. అయినా ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. మనిషిని ఊళ్లోనే ఉంచి, మాట తీసుకుని, ఆ మాట మీద నిలబడమనడం. మత్తుకు బానిసైనవాడి దగ్గర ఆ మాట ఎందుకు తీసుకోం?

సీలేరు వైపు నుంచి దిగే గంజాయికి మా సత్తుపల్లి అడవి అంచు దారులు కొత్త కావు. మోయించేవాడు వేరు, కూలికి మోసేవాడు వేరు, తాగేవాడు వేరు. మోయించేవాడి గురించి నేను మాట్లాడటం లేదు. అతనికి జైలే తగును. తాగేవాడి సంగతి చట్టమే విడిగా చూసింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి తాగినందుకు శిక్ష గరిష్ఠంగా ఆరు నెలలు. నేరం రుజువైనా, వ్యసనపరుడని తేలితే 39వ సెక్షన్ కింద కోర్టు అతని ఒప్పుకోలుతో బాండు రాయించుకుని, శిక్ష ఆపి, చికిత్సకు పంపొచ్చు. ఏడాదిలోగా ఫలితం కోర్టుకు చెప్పాలి. మెరుగైతే మరో బాండు మీద, మందలించి వదిలేయొచ్చు. తనంతట తానే చికిత్సకు వచ్చినవాడికి 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది, మధ్యలో మానేయనంతవరకు.

చిక్కు ఎక్కడంటే, ఆ చికిత్స ప్రభుత్వం నడిపేదో, గుర్తించినదో అయిన ఆసుపత్రిలోనే జరగాలి. పామాయిల్ గెలలు కోసే కూలీ దానికోసం ఖమ్మం పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, తోడు వచ్చిన భార్య కూలి కూడా పోతుంది. రెండోసారి పోడు. మనం మాత్రం వాడికి మారే బుద్ధి లేదంటాం.

జైల్లో పెడితే మానేస్తాడనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గంజాయి సంగతి అలా ఉంచితే, ఏళ్ల తరబడి రోజూ మద్యం తాగినవాడికి అది ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రోజే చేతులు వణుకుతాయి, రెండో రోజుకు ఫిట్స్ రావొచ్చు, ఆ తర్వాత లేనివి కనబడి ప్రాణం మీదికి రావొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టింది అందుకే. కల్తీ కల్లులోని మత్తుమందు ఒంటికి అలవాటైంది, దుకాణం మూసినంత మాత్రాన ఒళ్లు ఊరుకోదు. అది వైద్యుడు చూడాల్సిన స్థితి, జైలు వార్డరు కాదు.

ఎయిమ్స్ 2019లో ఇచ్చిన జాతీయ సర్వే నివేదికలో నాకు మింగుడుపడని అంకె ఒకటుంది: మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది ఇళ్లలో ఉన్నారు, అరుగుల మీద ఉన్నారు, కొందరు కటకటాల వెనక ఉన్నారు.

పోర్చుగల్ 2001 నుంచి, సొంతానికి కొద్దిగా మత్తుమందు దగ్గరుంచుకున్నవాణ్ణి జైలుకు కాకుండా ఒక చిన్న కమిటీ ముందుకు పంపుతోంది. మనకు అంత దూరం అక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దంటూ దుకాణం ముందు నిలబడ్డారు. ఈ వ్యసనం ఏ ఇంట్లో ఏం చేస్తుందో వాళ్లకంటే తెలిసినవాళ్లెవరు? వాళ్ల వారసులే నేడు మన ఊరి మహిళా సంఘాల్లో ఉన్నారు. బాండు మీద బయటికొచ్చినవాడు మందులు వేసుకుంటున్నాడా, పనికి పోతున్నాడా అని వారానికోసారి చూసి కోర్టు తరఫున చూసే ప్రొబేషన్ అధికారికి చెప్పడం వాళ్లకూ ఆశా కార్యకర్తకూ చేతనైన పనే. కాకపోతే ఊరికే చేయమనకూడదు, దానికి గౌరవవేతనం ఇవ్వాలి. మధ్యలో ఒకసారి జారాడంటే వెంటనే జైలుకు పంపమనీ అనకూడదు. ఈ జబ్బులో జారడం మామూలే, మళ్లీ డాక్టరు దగ్గరికి నడిపించడమే పని.

సత్తుపల్లి ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక్క రోజు, కూలీలు పని దిగి వచ్చే సాయంత్రం వేళ, వ్యసన చికిత్సకు ఒక డాక్టరు కూర్చోవాలి. అప్పుడు, అది ప్రభుత్వం నడిపే ఆసుపత్రే కాబట్టి, బాండులో ఆసుపత్రి పేరు రాయాల్సిన చోట మన కోర్టు మన ఊరి పేరే రాయగలుగుతుంది.