పాత బావులకు రెండవ ప్రాణము

2025వ సంవత్సరపు వానకాలమున సహకార సంఘముల యెదుట తెలంగాణపు రైతులు తెల్లవారుజామునుండియే బారులు తీరి నిలిచిన దృశ్యమును మన పాలమూరువా రెవ్వరును మరచియుండరు. నిలుచుటకు ఓపిక చాలని ముసలివారు తమ చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో నుంచి చెట్టునీడను కూర్చుండిరి. ఒక్క యూరియా బస్తాకొరకు ఇంత పాటు! ఆ బస్తా యెక్కడ దొరకునని యడిగినవారేగాని, అది యెక్కడ పుట్టునని యడిగినవారు తక్కువ. యూరియాకు మూలద్రవ్యము సహజవాయువు. 1999లో మూతపడిన రామగుండము ఎరువుల కర్మాగారము స్థానమున క్రొత్తది లేచి 2021 మార్చిలో ఉత్పత్తికి దిగినది. ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా చేయగల యీ కర్మాగారమునకు వాయువు కాకినాడ ప్రాంతమందలి మల్లవరమునుండి గొట్టపుమార్గమున వచ్చుచున్నది. స్వదేశవాయువు చాలనప్పుడు ఓడలమీద ద్రవరూపమున దిగు పరదేశవాయువే మనకు దిక్కు. దేశమునకు కావలసిన వాయువులో ఇంచుమించు సగమును, ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించియు మనము పరులవద్ద కొనుచున్నాము. కావున బిజినేపల్లి వరిమడికిని కోనసీమ భూగర్భమునకును బంధుత్వము లేదని యెవ్వరును తలంపరాదు.

ఈ కొరత తీరుటకు పాలకులు చెప్పు మందు ఎప్పుడు నొకటియే: క్రొత్త బావులు, క్రొత్త క్షేత్రములు, క్రొత్త వేలములు. కృష్ణా గోదావరీ మండలమున నేలమీద మొదటి బావిని నరసాపురమునొద్ద 1978లో త్రవ్విరి. అప్పటినుండి ఆ రెండు నదుల నడుమ వరిచేలలోను కొబ్బరితోటలలోను త్రవ్విన బావులెన్నో గలవు. అందు కొన్ని పండినవి, కొన్ని సన్నగిల్లినవి, కొన్ని మూతపడినవి. సన్నగిల్లినదానిని మరల బ్రదికించుటకు వీలున్నదా యను ప్రశ్న క్రొత్త బావికి భూమి సేకరించుటకు ముందే అడుగవలసినదని మా అభిప్రాయము.

ఇందులో విపరీతమేమియు లేదు. మన పెద్దలు మోటబావిలో నీరు తగ్గినంతనే మరియొక బావి త్రవ్వలేదు. మనుష్యులను దింపి పూడిక తీయించిరి. ఎండిన బోరును ఫ్లషింగు చేయించియైన చూడక, ప్రక్కనే మరియొకటి, దానిప్రక్కను ఇంకొకటి వేయించి, ఆ రాతిలో నీటిచుక్క కానక అప్పులపాలైన కుటుంబములు ఈ మండలమున ఎన్నియున్నవో తహసీలు కచేరీయొద్ద ఒక పూట కూర్చున్నవారికి తెలియును.

చమురుబావిలో పూడిక తీయుట యనగా నేమి? కొన్ని శిలలలో వాయువు సమృద్ధిగా నున్నను, రాతి రంధ్రములు మిక్కిలి సన్నములగుటచే బావిలోనికి రాదు. మండపేట ఇసుకరాయి యట్టిదే. అట్టిచోట చిక్కని ద్రవమును మిక్కుటమైన ఒత్తిడితో దింపి రాతిని పగులదీయుదురు. అమెరికాలో కాన్సాసు రాష్ట్రపు హ్యూగోటను వాయుక్షేత్రమున ఈ పని మొదట ప్రయోగించినది 1947లో. మనకు స్వాతంత్ర్యము వచ్చిన యేడు. ఒత్తిడి తీసినతోడనే భూభారమునకు ఆ పగులు మూసికొనును గావున, ద్రవముతో గింజలను గూడ పంపి పగులునందు నిలుపుదురు. ఇంజనీర్లు వానిని ప్రాపెంటు లందురు. గోడకు పెట్టిన పోటువలె పని చేయును గనుక మనము ఊతగింజ లనుకొందము.

ఏండ్లు గడచినకొలది ఈ యూతలు సడలును. వాయువును తోడినకొలది శిలలోపలి పీడనము తగ్గి, పైభారమంతయు గింజలమీదనే పడును. కొన్ని నలిగి పొడియగును, కొన్ని మెత్తని రాతిలో దిగబడును, ఆ పొడియు లవణములును దారిని కప్పివేయును. వాయువు లోపలనే యుండును. బావి మాత్రము చచ్చినట్లు కనబడును. అట్టిదానిని రెండవమారు పగులదీసి, మేలైన గింజలతో నింపుటయే నేడు మనము చర్చించుచున్న విద్య. మొదటి తోడకముచే బావిచుట్టును ఒత్తిడులు మారియుండుటవలన, రెండవ పగులు ఒక్కొక్కయెడ వేరొక దిక్కునకు బోయి ఇంతవరకు తాకని రాతిని తాకును. టెక్సాసులోని బార్నెట్ శిలలలో 1990 దశకపు చివర పాత బావులను ఇట్లు మరల పగులదీసి మంచి ఫలితములు పొందిరి. అయితే ప్రతి బావియు ఇందుకు తగదు. ఏది వట్టిపోయినదో, ఏది దారి మూసుకొని యున్నదో ముందుగా తెలిసికొనకుండ పనికి దిగినవాడు ధనమును నేలపాలు చేయును.

ఇక గింజలమాట. ఈ విషయముననే మన పత్రిక కొంత ప్రొద్దు నిలువవలసియున్నది. ఆదిలో వాడినది నదియిసుక. తరువాత అక్రోటుకాయల చిప్పలు, గాజుపూసలు, అల్యూమినియపు గుండ్లు సయితము వాడి చూచిరి. ఇసుక చౌకయేగాని, చదరపుటంగుళమునకు సుమారు 6 వేల పౌనుల ఒత్తిడి దాటిన పిమ్మట నలిగిపోవును. అంతకు మించిన లోతులలో కాల్చిన పింగాణిగింజలును, వానికంటె గట్టివైన బాక్సైటుగింజలును కావలయును. మన తూర్పుతీరపు లోతైన శిలలు మిక్కిలి వేడివి, మిక్కిలి బిగుతైనవి. 2005 జూన్‌లో గుజరాతు ప్రభుత్వపు పెట్రోలియం సంస్థ కాకినాడకెదురుగా సముద్రమున 20 ట్రిలియను ఘనపుటడుగుల వాయువు దొరకినదని చాటించెను. తరువాతి లెక్కలలో అది పదియవవంతునకు దిగినది. బిగుతైన యా శిలలనుండి వాయువును ఊహించినట్లు రాబట్టలేకపోయిరి. తుదకు 2017లో ఓ.ఎన్.జి.సి. అందులో 80 పాళ్లను సుమారు 120 కోట్ల డాలర్లకు కొని ఆ భారమును తలకెత్తుకొన్నది. చాటింపునకు కావలసినది ఒక సభ. రాతిని తెరచి నిలుపుటకు కావలసినది గట్టి గింజ.

ఆ గట్టి గింజకు బాక్సైటు వలయునన్నచో, మన తెలుగునేలమీద బాక్సైటున్నది విశాఖ మన్యపు కొండలలో. ఆ కొండలలో గిరిజనులున్నారు, వారి కాఫీతోటలున్నవి, ఊటలున్నవి. షెడ్యూలు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకొరకు కౌలునకిచ్చుట చెల్లదని 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఆ తీర్పు కంఠపాఠము. పాలకులకు మాత్రము మాటిమాటికి జ్ఞప్తికి తేవలసివచ్చుచున్నది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చింతపల్లి అడవులలో బాక్సైటు త్రవ్వుటకు ఉత్తరువిచ్చి, గిరిజనుల ఆందోళనకు వెనుకంజవేసినది. 2019లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దు పరచినది. కోనసీమ బావికి ఊత తెచ్చుటకు చింతపల్లి కొండకు ఊత తీసివేయుట యే దేశభక్తి?

అందువలననే ప్రత్యామ్నాయపు గింజలు మనకు ముఖ్యములు. బొగ్గు కాల్చిన విద్యుత్కేంద్రముల బూడిదను ముద్దచేసి, గుండ్లుగా చుట్టి, కొలిమిలో కాల్చి ఊతగింజలు చేయవచ్చునని పరిశోధకులు చూపియున్నారు. అల్యూమినియపు కర్మాగారముల ఎర్రమట్టితోను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. చమురుశుద్ధిలో మిగులు కోకును ఎక్సాన్ మోబిల్ వారు అమెరికాలో తేలికగింజగా వాడుచున్నారు. మన దేశమున ఏటికి 20 కోట్ల టన్నులకు మించి బూడిద పుట్టుచున్నది. ఆ బూడిదనంతయు వినియోగపరచవలయునని 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వమే శాసించినది. రామగుండము, విజయవాడ, సింహాద్రి కేంద్రముల చెంత నున్న గ్రామములవారు వేసవిగాలికి ఆ బూడిదనే అన్నములో కలిపికొని తినుచున్నారు. దానిని గింజగా మార్చు కొలిమి ఒకటి రామగుండమున వెలసిన, ఆ గింజ నిలిపిన పగులునుండి వచ్చిన వాయువే మరల రామగుండమునకు యూరియాగా చేరును.

ఇచ్చట స్వదేశాభిమానులకు ఒక మాట. మనదను ప్రేమచేత నాసి గింజను బావిలో పోసిన, అది నలిగి, ఉన్న దారిని గూడ మూసివేయును. దుందుభి యిసుక మన యిండ్లకు మంచిదేగాని ఈ పనికి రాదు. గ్రానైటు అరిగి పుట్టిన ఇసుకలో కోణములెక్కువ, పలుగురాతితోపాటు మెత్తని ఖనిజములును కలిసియుండును. ఏ గింజ యెంత ఒత్తిడికి ఎంత నలుగునో తేల్చుటకు ఐ.ఎస్.ఓ. 13503 పరీక్షలు గలవు. బూడిదగింజ ఆ పరీక్షకు నిలిచినచో వాడుదము. నిలువనిచో నిలుచువరకు ప్రయోగశాలలోనే యుండనిండు. ఖద్దరును ముతకదైనను కట్టితిమి. భూగర్భమునకు అట్టి మొగమాటము లేదు.

ఇంతకంటె బరువైన సంగతి మరియొకటి కలదు. పాత బావి గొట్టము పాతది, దానిచుట్టు పోసిన సిమెంటు పాతది. మరల పగులదీయునప్పటి ఒత్తిడి ఆ పాత గొట్టముమీదనే పడును. బావి అదుపు తప్పిన నేమగునో కోనసీమవారు 1995లో చూచిరి: జనవరి 8న పాశర్లపూడిలో త్రవ్వకమున చెలరేగిన మంట 65 దినములు ఆరలేదు. 2026 జనవరి 5న మలికిపురము మండలపు ఇరుసుమండయొద్ద బావిలో మరమ్మతు జరుగుచుండగా వాయువు ఎగదన్ని అంటుకొన్నది. చుట్టుప్రక్కలవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. మరమ్మతు చిన్నపని యని యెవ్వరైన నన్నచో ఆ గ్రామస్థులు నమ్మరు.

మరి శాసనమేమి చెప్పుచున్నది? 1948 నాటి చమురుక్షేత్రముల చట్టమును 2025లో సవరించి, బిగుతురాతి వాయువును, షేల్ వాయువును దాని పరిధిలోనికి స్పష్టముగా తెచ్చిరి, మంచిదే. ఆ సవరణచేతనే నియమోల్లంఘనకున్న కారాగారశిక్షను తీసివేసి 25 లక్షల రూపాయల వరకు జరిమానా యుంచిరి. పాత జరిమానా వేయి రూపాయలే గనుక ఇది పెంపేయందురు. కాని కోట్లతో పనిచేయు సంస్థకు 25 లక్షలు భయము గొల్పునా? అంతకుముందు 2020 జనవరిలో పర్యావరణశాఖ చమురు, వాయు అన్వేషణను బి-2 తరగతికి మార్చి బహిరంగవిచారణను తప్పించినది. అన్వేషణకే ఊరివారిని అడుగనివారు, ఉన్న బావిలో చేయు రెండవ పగులునకు అడుగుదురా?

మేము కోరునది పెద్దది కాదు. ఓ.ఎన్.జి.సి. ప్రజాసంస్థ, 2005 సమాచారహక్కు చట్టపు 4వ సెక్షను ప్రకారము అడుగకయే సమాచారము వెల్లడించుట దాని విధి. మరల పగులదీయదలచిన ప్రతి బావి వయస్సును, గొట్టమునకును సిమెంటునకును జరిపిన పరీక్షల ఫలితములను, వాడబోవు గింజను, దింపబోవు నీటికొలతను, తిరిగివచ్చు మురుగుద్రవము పోవు చోటును, పని మొదలగుటకు నెలరోజుల ముందుగా ఆ గ్రామపంచాయతి కచేరీ గోడమీద తెలుగున అంటింపవలయును. వ్యాపారరహస్యమని 8వ సెక్షను చాటున దాగుటకు వీలులేదు. ప్రజాహితము మిక్కుటమైనచోట ఆ చాటు చెల్లదని ఆ సెక్షనే చెప్పుచున్నది. రాబోవు పార్లమెంటు సమావేశములలో మన నాగరుకర్నూలు సభ్యులును, అమలాపురము సభ్యులును కలిసి పెట్రోలియం మంత్రిని ఈ సంగతియే అడుగవలయును. ఒకరి రైతులకు ఎరువు కావలయును, మరియొకరి రైతుల పొలములోనే బావియున్నది.