కంపెనీ విహారయాత్ర పని రోజుల్లోనే జరగాలి



చలికాలం వచ్చిందంటే మన ఎల్.బి.నగర్, మన్సూరాబాద్ ప్రాంతాల్లో శుక్రవారం రాత్రి రోడ్డు పక్కన టూరిస్టు బస్సులు కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, షోరూములు, ఫైనాన్సు కంపెనీలు ఏడాదికొకసారి తమ ఉద్యోగులను శని, ఆదివారాల్లో విహారయాత్రకు తీసుకువెళ్తాయి. కొందరు నాగార్జునసాగర్, కొందరు అరకు, కొందరు గోవా వెళ్తారు. మరికొందరు మనకు దగ్గరలోని రామోజీ ఫిల్మ్ సిటీతో సరిపెట్టుకుంటారు.

ఇది మంచి ఆచారమే. ఏడాదంతా పక్కపక్కన కూర్చుని పనిచేసేవారు ఒకచోట భోంచేసి, ఆటలాడి, ఒకరి మంచిచెడులు ఒకరు తెలుసుకుంటే పనిలో చికాకులు తగ్గుతాయి. నా అభ్యంతరం ఒక్కటే. ఈ యాత్ర ఉద్యోగి వారపు సెలవును మింగేయకూడదు. పని రోజుల్లోనే జరగాలి.

వారపు సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో 1884లో ఆదివారం సెలవు అడగడం మొదలుపెడితే, 1890లో గాని అది దక్కలేదు. ఏడు రోజుల్లో కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒప్పందం చేసింది. మన దేశం దానిని 1923లో ఆమోదించింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న రోజది.

ఆ రోజున మనం ఏం చేస్తాం? వారమంతా తక్కువైన నిద్ర పోతాం. పిల్లల పక్కన కూర్చుంటాం. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువస్తాం. కుటుంబమంతా కలిసి ఆరాధనకు వెళ్తాం. చంటిబిడ్డ తల్లికి, మంచాన ఉన్న అత్తగారిని చూసుకునే కోడలికి రెండు రోజులు ఇల్లు విడిచి వెళ్లడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అయినా ‘నేను రాను’ అంటే మేనేజరు ఏమనుకుంటారోనని బయలుదేరుతారు. రాకుంటే ఊరుకోనిది యాత్ర కాదు, డ్యూటీయే. డ్యూటీ అయితే పని రోజుల్లో లెక్కించాలి. వినోదమైతే ఇష్టమున్నవారినే రమ్మనాలి.

ఇందులో ఆరోగ్యం సంగతి కూడా ఉంది. ఉదయం ఆరింటికి లేచిన మనిషి రాత్రి పదకొండు దాకా మేలుకుంటే పదిహేడు గంటలవుతుంది. అంతసేపు నిద్రలేకుంటే మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోవచ్చని 2000 సంవత్సరంలో వెలువడిన ఒక పరిశోధన చూపింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. పగలంతా ఆఫీసులో పనిచేసి రాత్రి సొంత కారులో స్టీరింగు పట్టే యువకులు, సరిగా నిద్రపోని బస్సు డ్రైవరు ఈ మాట గుర్తుంచుకోవాలి. తిరిగి వచ్చేది సోమవారం తెల్లవారుజామున, స్నానం చేసి నేరుగా ఆఫీసుకు. సోమవారం ఓ.పి.లో తలనొప్పి, వాంతులు, పెరిగిన బి.పి.తో వచ్చి ‘టూరుకు వెళ్లొచ్చాం సిస్టర్’ అనేవారిని ఎందరినో చూశాను. విశ్రాంతికని వెళ్లి మందులకు రావడం ఏం లాభం?

యాత్ర కూడా పనిలో భాగమేనని ఒప్పుకుంటే భద్రత బాధ్యతను కూడా ఒప్పుకున్నట్టే. 2024 జనవరి 18న రామోజీ ఫిల్మ్ సిటీలో విస్టెక్స్ సంస్థ రజతోత్సవం జరుగుతుండగా, వేదికపైకి దించుతున్న బోను గొలుసు తెగి సంస్థ స్థాపకుడు సంజయ్ షా మరణించారు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని బలి తీసుకుంది. పైనున్న లార్జీ డ్యామ్ నుండి నీరు వదలడంతో ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. వేదికను, నీటిని, బస్సును ముందుగా పరీక్షించే మనిషి ఒకరు ప్రతి యాత్రకూ ఉండాలి.

‘పని రోజున అందరినీ పంపితే ఆఫీసు మూతపడదా?’ అని యజమానులు అడుగుతారు. ఆసుపత్రి ఒక్క గంట కూడా మూయలేం. అందుకే నర్సులను పంపాలంటే రెండు జట్లు చేసి, ఒక జట్టు వెళ్తే మరొక జట్టు వార్డులు చూసుకునేలా డ్యూటీలు వేస్తాం. వార్డులకు సాధ్యమైనది ఆఫీసులకు ఎందుకు సాధ్యం కాదు? ఆ జట్లలో వాచ్‌మన్‌ను, ఊడ్చే అమ్మను కూడా చేర్చండి.

దూరం వెళ్లాలనే నియమం కూడా లేదు. 1975లో ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి మన పక్కనే ఉంది. ఉదయం వెళ్లి చెట్ల కింద నడిచి, కృష్ణజింకలను చూసి, సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు.

వెళ్లేవారికి రెండు మాటలు: బి.పి., షుగరు మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోండి. బస్సులో రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు నడవండి.

యజమానులకు ఒక్కటే మనవి. మీ ఉద్యోగికి నిజంగా కానుక ఇవ్వదలిస్తే మీ పని రోజు ఒకటి ఇవ్వండి. అతని ఆదివారం అతని ఇంటివారికే ఉండనివ్వండి.