గండభేరుండంలోని గండ

గండభేరుండమనగానే అందరికీ స్ఫురించేది రెండు తలల పక్షి. ఆ పేరులో "రెండు" ఎక్కడ ఉన్నదని అడిగితే మాత్రం చిత్రమైన సమాధానాలు వస్తాయి. గండమంటే చెక్కిలి గనుక రెండు చెక్కిళ్ళు, తన్మూలంగా రెండు ముఖాలు అని కొందరు. గండమంటే ఆపద, కనుక ఎదురుపడిన వానికి ప్రాణగండం తెచ్చే పక్షి అని మరికొందరు. తరగతిలో పిల్లలకు ఈ రెండవదే రుచించేది. కథ బాగుంటుంది కదా! అయినా ఈ రెండూ పొసగవని నా అభిప్రాయం.

భేరుండ శబ్దం సంస్కృతం. భయంకరమని అర్థం, పక్షివాచకం కూడా. పంచతంత్రంలో ఒకే కడుపు, రెండు తలలు గల భారుండపక్షి కథ పాఠకులెరిగినదే. ఒక ముఖం మధురఫలాన్ని తానే తిన్నదని అలిగి రెండవ ముఖం విషఫలం తింటుంది, పక్షి మరణిస్తుంది. అక్కడ పేరులో గండ శబ్దం లేదు, తలలు మాత్రం రెండే. కాబట్టి తలల లెక్క చెప్పడానికి గండ పదం అక్కరలేదు.

మరి గండ ఏమిటి? కన్నడంలో గండ అంటే మగడు, శూరుడు. మన శాసనాలలోని బిరుదులలోనూ ఇదే పదం. "మూరురాయరగండ" అంటే ముగ్గురు రాజులను మించిన మగడు. శూరులకే శూరుడు గండరగండడు. వీరుల కాలికి, పిమ్మట కవుల కాలికి తొడిగినది గండపెండేరం. ఇంత దూరం పోనక్కరలేదు: గండుతుమ్మెద, గండుకోయిల, గండుపిల్లి, గండుచీమ! మగతనాన్నో, పెద్దతనాన్నో, బలాన్నో చెప్పే ఈ దేశ్యపదం నిన్నమొన్నటి దాకా పల్లెలో ప్రతి నోటా ఉన్నదే. గండైన భేరుండం గండభేరుండం. దేశ్యం, తత్సమం కలిసిన మిశ్రసమాసం.

సంస్కృతాభిమానులు గండశైలాన్ని చూపి ఆక్షేపించవచ్చు. అమరంలో అది కొండనుండి జారిన పెనురాయి. అక్కడి అర్థం స్థౌల్యమే కాని శౌర్యం కాదు. ఈ పేరు బిరుదుగా వెలిగినది కన్నడ, తెలుగు నేలలలోనే కదా! శివమొగ్గ జిల్లా బళ్ళిగావిలో చాముండరాయరసు 1047లో నిలిపిన స్తంభంపై మనిషి దేహం, రెండు పక్షితలలు గల గండభేరుండం నేటికీ ఉన్నది. అచ్యుతదేవరాయల (1529–1542) నాణేలపై అది ముక్కులతో, గోళ్ళతో ఏనుగులను పట్టుకొని ఎగురుతుంది. మైసూరు ఒడెయర్ల చిహ్నమై, నేడు కర్ణాటక ప్రభుత్వ ముద్రలో నిలిచింది. తన ముద్రలో ప్రాణగండాన్ని చెక్కించుకొనే రాజు ఎవడు?

బొమ్మ పేరుకంటె పాతదన్నది వేరే మాట. తక్షశిల దగ్గర సిర్కప్‌లోని స్తూపంపై క్రీస్తుశకారంభ కాలపు రెండు తలల పక్షి ఉన్నది. శరభాన్ని అణచడానికి నరసింహుడు ఈ రూపం దాల్చాడన్న వైష్ణవ కథనూ నేను కాదనను. అది భక్తుల సొత్తు. అయితే కథ వ్యుత్పత్తి కాజాలదు.

నా బాధ పక్షిని గురించి కాదు. ప్రతి మాటకూ సంస్కృతమూలం వెదకడం మా పండితవర్గానికి పాత అలవాటు. దొరకకపోతే చెక్కిలినైనా లాగి అతికిస్తాము, ఇంట్లో ఉన్న గండుపిల్లిని మాత్రం చూడము. ఇక గండు అన్న మాట ఎరుగని పిల్లలకు గండభేరుండంలో గండమే వినబడుతుంది. అందుకు వారిని తప్పుపట్టలేను. మీ ప్రాంతంలో గండు చేరిన మాటలు ఇంకా ఏవైనా వాడుకలో ఉంటే విజ్ఞులు తెలుపగలరు.