మందు స్ఫటికము – వినబడని ధ్వని

నేయి పూసకట్టుట చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల తల్లులందరు నెరిగిన విషయమే. కాచిన నేతిని మెల్లగా చల్లారనిచ్చిన పెద్దపూస యగును. త్వరగా చల్లార్చిన సన్నపూస యగును. వస్తువొక్కటే, రూపము వేరు. వంటయింట నిది రుచికి సంబంధించినది. మందుల కర్మాగారమున రోగి ప్రాణమునకు సంబంధించినది.

ఔషధములలో పెక్కింటిని ద్రావణమునుండి స్ఫటికములుగా వేరుపరతురు. స్ఫటికపు పరిమాణమును, అణువుల కూర్పును బట్టి మందు కరగు తీరు మారును. 1998లో రిటోనవిర్ అను ఎయిడ్సు మందునకు హఠాత్తుగా వేరొక స్ఫటికరూపము పుట్టెను. అది సరిగా కరగకుండుటచే, ఆ క్యాప్సూలులను కొంతకాలము అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చెను.

స్ఫటికముల పుట్టుకను అదృష్టమునకు విడువకుండుటకు అల్ట్రాసౌండు, అనగా అతిధ్వని, ఒక సాధనము. సెకనుకు సుమారు 20,000 కంపనములకు మించిన ధ్వని మన చెవికి వినబడదు. అట్టి ధ్వనిని చిక్కని ద్రావణములోనికి పంపినచో సూక్ష్మమైన బుడగలు పుట్టి, పెరిగి, చితికిపోవును. ఆ తాకిడికి స్ఫటికబీజము లొక్కుమ్మడిగా పుట్టును. ఒకేసారి పుట్టినవి సమముగా పెరుగును గనుక, స్ఫటికములు చిన్నవియు నేకరీతివియు నగును. వెలుపలినుండి బీజపుపొడి చల్లనక్కరలేదు. కావున సూదిమందుల తయారీకిని, 1 మొదలు 5 మైక్రానుల రేణువులు కావలసిన, పీల్చెడి ఉబ్బసపు మందులకును ఇది యుపకరించును.

అయినను యంత్రమును కొన్నమాత్రమున కార్యము తీరునను వారితో మేమేకీభవింపము. గాజుపాత్రలో చక్కగా పనిచేసిన ధ్వని, పెద్ద తొట్టిలో కడ్డీకి దూరమైనకొలది బలహీనపడును. కడ్డీ కొన యరిగి లోహపు నలుసులు మందులో కలియవచ్చును. కోరని స్ఫటికరూపమే యేకరీతిగా పుట్టినను పుట్టవచ్చును. ఇంట గెలిచి రచ్చ గెలువుమనిరి పెద్దలు. ప్రతి దశయందును పరీక్షించి చూచు మనుష్యుడు లేనిదే యంత్రము గ్రుడ్డిది.

ఆ మనుష్యు లెచ్చటనుండి రావలెను? 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగరు కర్మాగారము హైదరాబాదు మందుల పరిశ్రమకు పాఠశాలవంటిదయ్యెను. అందు పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీసును స్థాపించిరి. నేడు చందనవెల్లి పొలముల నడుమ పారిశ్రామికవాడ వెలసినది. మన బిడ్డలు కర్మాగారములకు బస్తాలు మోయుటకే పోవలెనా? తొట్టిలో జరుగుదానిని తెలిసికొని, తప్పు కనబడినప్పుడు ఆపుడని చెప్పగలవారై పోవలదా?

కావున ప్రతి పాఠశాలయందును పటికద్రావణమున దారము వ్రేలాడదీసి, స్ఫటికము పెరుగు తీరును పిల్లలచే దినదినము వ్రాయింపవలెనని మా యభిప్రాయము. వ్యయము స్వల్పము, ఫలము గొప్పది. తలిదండ్రులారా, ఆ గంటను వృథాకాలమని తలపకుడు. విద్యార్థులారా, ఓపికతో చూచుట నేర్చుకొనుడు. రేపు మీరు చేయు మందును మ్రింగువాడు మీ కన్నులను నమ్మియే మ్రింగును.