వీరుడికి ఇల్లుండదా?

మా అబ్బాయికి నా మీద కోపం వచ్చింది. వాడి అభిమాన వీరుణ్ణి నేను పొలంలో దిష్టిబొమ్మ అన్నానని! "నీకు సైన్స్ ఫిక్షన్ అర్థంకాదులే అమ్మా" అని విసురుగా లేచి వెళ్ళిపోయాడు. రాకెట్లూ, కాంతివేగాలూ నాకు అర్థంకాని మాట నిజమే. కాని ఇన్నేళ్ళుగా నవలలు రాస్తున్నదాన్ని, ఒక పాత్రకి ప్రాణం ఉందో లేదో ఆమాత్రం తెలియదా?

ఆ వీరుడి పేరు వార్ఫ్. అమెరికాలో 1987లో మొదలై 1994 దాకా ఏడు సీజన్లు నడిచిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అనే టీవీ సీరియల్లో, ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకకి భద్రతాధికారి. క్లింగాన్ అనే గ్రహాంతర జాతివాడు. నుదుటి మీద గట్లు గట్లుగా ఎముకలు, గంభీరమైన గొంతు, ఎప్పుడూ ముడిపడి ఉండే కనుబొమలు. వేసిన నటుడు మైకేల్ డార్న్. చెప్పొద్దూ, బాగా వేశాడు. నా తగువు ఆయనతో కాదు, ఆ పాత్ర రాసినవాళ్ళతో.

వార్ఫ్ చేసే పనేమిటో చూడండి. కొత్త ఓడ ఏదో ఎదురొస్తుంది. ఆయుధాలు సిద్ధం చేద్దామంటాడు వార్ఫ్. వద్దంటాడు కెప్టెన్ పికార్డ్. పికార్డ్ ఎంత వివేకవంతుడో మనకి తెలిసిపోతుంది. మరోవారం ఎవడో బలశాలి ఓడలో జొరబడి వార్ఫ్‌ని గోడకేసి కొడతాడు. వాడెంత బలశాలో మనకి తెలిసిపోతుంది. ఈ చిట్కా ఎన్నిసార్లు వాడారంటే, కథల గురించి మాట్లాడుకునేవాళ్ళు దానికి 'వార్ఫ్ ఎఫెక్ట్' అని పేరే పెట్టేశారు. అంటే ఒకరి తెలివినీ మరొకరి బలాన్నీ తూచడానికి పెట్టుకున్న తూనికరాయి అన్నమాట ఆ మహావీరుడు. తూనికరాయికి మనసెందుకు, పాపం!

అతనొక్కడే అయితే పోనీలెమ్మని ఊరుకుందును. ఆ క్లింగాన్ జాతి మొత్తానికీ అదే వరస. అందరూ యోధులే. అందరి నోటా ఒకటే మాట, పరువు. మరి వాళ్ళకి వండి వడ్డించేదెవరు? పిల్లలకి అక్షరాలు దిద్దించేదెవరు? పురుళ్ళు పోసేదెవరు? ఈ ప్రశ్న ఆ రచయితలకీ తట్టకపోలేదు. ఇదే కుదురులోంచి వచ్చిన 'ఎంటర్‌ప్రైజ్' అనే మరో సీరియల్లో, 2003లో 'జడ్జిమెంట్' అనే భాగంలో, కోలోస్ అనే ముసలి క్లింగాన్ వకీలు వాపోతాడు. తన తండ్రి ఉపాధ్యాయుడట, తల్లి జీవశాస్త్రవేత్తట. ఇప్పటి కుర్రాళ్ళందరికీ కత్తి పట్టుకోవాలనే యావ తప్ప మరోటి లేదట. వార్ఫ్ పుట్టి పదహారేళ్ళయ్యాక గాని ఆ జాతిలో ఒక మాస్టారు ఉండేవాడన్న సంగతి మనకి తెలియలేదు!

ఇక నా అసలు బాధకొస్తాను. 1990లో వచ్చిన 'రీయూనియన్' భాగంలో కెయ్‌లార్ అనే రాయబారి వస్తుంది. తెలివిగలది, చమత్కారి, వార్ఫ్ బిగుసుకుపోతే నవ్వగల ధైర్యం ఉన్నది. అతని బిడ్డకి తల్లి. వార్ఫ్ వంశం మీద పడిన నింద వెనక గుట్టు లాగబోయి డ్యూరాస్ అనేవాడి చేతిలో చచ్చిపోతుంది. వార్ఫ్ కత్తి తీసుకు వెళ్ళి డ్యూరాస్‌ని చంపి పగ తీర్చుకుంటాడు. మరి తల్లిలేని పిల్లాడు? వాణ్ణి భూమ్మీద ఉన్న తన పెంపుడు తల్లిదండ్రుల దగ్గరికి పంపించేస్తాడు!

1992లో 'న్యూ గ్రౌండ్' భాగంలో ఆ పెంపుడు తల్లి, హెలెనా అనే పెద్దావిడ, మనవణ్ణి వెంటబెట్టుకు వస్తుంది. వాడికి తండ్రి కావాలి, మా వయసు అయిపోయింది నాయనా అని చెప్పడానికి. ఆ పిల్లవాడు బళ్ళో అబద్ధాలాడుతున్నాడు. ఎందుకని ఒళ్ళో కూచోబెట్టుకుని అడగాలా వద్దా? వార్ఫ్ పరువు గురించి పురాతన వీరగాథ వినిపిస్తాడు. చివరికి పిల్లాణ్ణి దగ్గరే ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడనుకోండి, సంతోషమే.

మీరే చెప్పండి, ఇది గ్రహాంతర కథేనా? మనకి తెలిసిన ఏ ఇంటి కథా కాదా? పగ మగవాడిది, పెంపకం నాయనమ్మది. తరవాత వార్ఫ్ 'డీప్ స్పేస్ నైన్' అనే సీరియల్లోకి మారాడు. 1997లో జాడ్జియా అనే ఆవిణ్ణి పెళ్ళాడాడు. 1998లో ఆమెనీ చంపేశారు. నటి సీరియల్ మానేసి వెళ్ళిపోతోందని అంటారు. కావచ్చు. కాని ఏకగుణ వీరుడి పక్కన నిలబడ్డ ఆడవాళ్ళకి ఆయుష్షు తక్కువన్న సంగతి మాత్రం రెండోసారి రుజువైంది.

పాత్రలో సరుకు లేదా అంటే, బోలెడుంది. 1991లో 'డిజాస్టర్' అనే భాగంలో ఓడ చెడిపోయి, వేరే దిక్కులేక వార్ఫే ఒకావిడకి పురుడు పోస్తాడు. ఇక కనవచ్చునని సైనికాధికారిలా అనుమతి కూడా ఇస్తాడు! నవ్వుతూనే కళ్ళు తడుచుకున్నాను. 1996లో అతను జాడ్జియాకి ఒక సంగతి చెబుతాడు. పదమూడేళ్ళప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ ఎగిరి తలతో బంతిని కొట్టబోతే, తల తగిలి తోటి కుర్రాడు చచ్చిపోయాడట. తన బలం ఎవరికి తగులుతుందో అన్న భయంతో, అప్పటినుంచీ తనని తాను బిగపట్టుకుని బతుకుతున్నాడట. ఆ ముడిపడ్డ కనుబొమలు కోపం కాదమ్మా, జాగ్రత్త! ఇంత మంచి సంగతిని తొమ్మిదేళ్ళకి గాని బయటికి తియ్యలేదు. పండక్కి తప్ప తియ్యని వెండిగ్లాసులా బీరువాలో దాచుకున్నారు.

యోధుడి పాత్రంటే అంతేనని మా అబ్బాయి వాదన. ఎందుకంతే? మన భీముణ్ణి మించిన యోధుడెవడు? ఆయన విరటుడి కొలువులో గరిటె తిప్పాడు, ద్రౌపది అడిగిందని పువ్వు కోసం అడవులు పట్టిపోయాడు. అర్జునుడు ఆడపిల్లకి ఆట నేర్పాడు. ఎవరి శౌర్యానికీ లోటు రాలేదే!

ఒకర్ని అనడమెందుకు, ఆ తప్పు నేనూ చేశాను. కోపం తప్ప మరో గుణంలేని కథానాయకుణ్ణి ఒకణ్ణి రాశాను. "అబ్బ, ఎంత మగాడండీ!" అని మీరు ఉత్తరాలు రాశారు, నేను మురిసిపోయాను. రాసే మేమూ, మెచ్చుకునే మీరూ కలిసే ఈ దిష్టిబొమ్మల్ని పెంచుతున్నాం. కొడుకులు అవి చూసి పెరుగుతున్నారు. నొప్పి పుడితే చెప్పకుండా తలుపు దడాలున వేసుకోవడమే మగతనమనుకుంటున్నారు.

2023లో 'పికార్డ్' అనే సీరియల్లో వార్ఫ్ మళ్ళీ వచ్చాడు. జుట్టు నెరిసింది. కత్తి పారెయ్యలేదు గాని, శాంతం అలవరచుకుంటున్నాడు. ఒకావిడకి తన వంశమూ బిరుదులూ అన్నీ ఏకరువు పెట్టి, ఆఖర్న పూల టీ కాచానని, పంచదార వేసుకుంటావా అని అడుగుతాడు. ముప్ఫయ్యారేళ్ళు పట్టిందండీ, ఆ ఒక్క కప్పు టీకి!

ఇది రాస్తుండగానే మా అబ్బాయి అలక తీరి వచ్చి, "అమ్మా, టీ పెడతావా?" అన్నాడు.

"వార్ఫే పెట్టుకున్నాడురా. నువ్వు పెట్టలేవూ? నాకూ ఒక కప్పు తీసుకురా" అన్నాను.