తీసేసింది నేనే

మా జిల్లాలో ఒక క్రికెట్ క్లబ్బు ఉంది. పేరు చెప్పను. దాని అభిమానులం కొందరం కలిసి నెట్‌లో ఒక చర్చావేదిక పెట్టుకున్నాం. కంప్యూటరు గురించి మిగతావాళ్ల కంటే నాలుగు ముక్కలు ఎక్కువ తెలుసన్న పాపానికి దాని నిర్వహణ నా నెత్తిన పడింది. లీగ్ మ్యాచుల స్కోర్లు, ఎవరు క్యాచ్ వదిలేశారు, సెలక్షన్లో ఎవరి మేనల్లుడికి చోటొచ్చింది, ఇవే కబుర్లు. టీకొట్టు దగ్గర అనుకునేవి అక్కడ రాసుకునేవాళ్లం. అంతే.

ఒకరోజు లాయరు నోటీసు వచ్చింది. మా క్లయింటు పరువుకు భంగం కలిగించే రాతలు మీ వేదిక మీద ఉన్నాయి, ఏడు రోజుల్లో తీసెయ్యకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు తప్పవు అని. ఏ రాత? ఏ వాక్యం? అందులో ఏది అబద్ధం? ఒక్క ముక్క లేదు. నాకు చెమటలు పట్టాయి. ఇంట్లో చెప్పలేదు. ఆ రాత్రే ఆ సీజన్ చర్చ మొత్తం చెరిపేసి పడుకున్నాను.

మా స్కోరర్ మాస్టారు రాసినవి కూడా అందులో పోయాయి. ఆయన ఎవర్నీ తిట్టలేదు. అండర్-16 పిల్లల్ని వేరే ఊరికి మ్యాచ్‌కి తీసుకెళ్లి, ఉండటానికి గది కూడా చూడకపోతే వాళ్లు పెవిలియన్లో చాపల మీద పడుకున్నారని తేదీతో సహా రాశారు. మర్నాడు ఫోన్ చేసి ఒక్కమాట అడిగారు. "ఏమయ్యా, నేను రాసింది అబద్ధమనుకున్నావా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన మళ్లీ రాయలేదు.

ఆయనకి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఈ విషయంలో రెండు వాదాలు తరచూ వింటుంటాం. వేదిక నడిపేవాడే ప్రతి మాటకీ బాధ్యుడు అనేది ఒకటి. నెట్‌లో ఎవరేం రాసినా చెల్లుతుంది అనేది రెండోది. రెండూ తప్పే. తిట్టు వేరు, అభిప్రాయం వేరు, ఆరోపణ వేరు. ఈ మూడింటినీ విడదీయకుండా బాధ్యత గురించి మాట్లాడితే నష్టపోయేది మా మాస్టారు లాంటివాళ్లే.

ఎలా విడదీయాలో చూపించిన కేసు ఒకటి ఇంగ్లండులో ఉంది. షెఫీల్డ్ వెన్స్‌డే పాత ఫుట్‌బాల్ క్లబ్బు. బుధవారాలు ఆడుకునే ఒక క్రికెట్ క్లబ్బు వాళ్లు 1867లో మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరు. 2007లో ఆ క్లబ్బు, దాని డైరెక్టర్లు కలిసి లండన్ హైకోర్టుకు వెళ్లారు. అభిమానులు మారుపేర్లతో మమ్మల్ని తిడుతున్నారు, వాళ్లెవరో చెప్పమని వేదిక నడిపే మనిషిని ఆదేశించండి అన్నారు. తప్పు చేసినవాడి వివరాలు మూడో మనిషి దగ్గరుంటే కోర్టు వాటిని ఇప్పించవచ్చని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1973లో చెప్పిన తీర్పు ఒకటుంది. క్లబ్బు దాన్నే పట్టుకుంది.

జడ్జి ఆ వ్యాఖ్యల్ని ఒక్కొక్కటిగా చదివారు. చాలావరకు వట్టి చిరాకులు, జోకులు, తాగుడు బల్ల దగ్గర వినబడే సణుగుళ్లు అన్నారు. వాటి కోసం ఎవరి ముసుగూ తీయక్కర్లేదన్నారు. క్లబ్బు నడిపేవాళ్లు నిజాయితీ లేనివాళ్లని, స్వార్థంతో ప్రవర్తించారని అర్థం వచ్చే కొన్నింటి విషయంలో మాత్రం రాసినవాళ్ల వివరాలు ఇవ్వమన్నారు. ఆ కొన్ని కూడా ఇవ్వాల్సింది కాదని మీరు అనవచ్చు, నాకూ ఆ అనుమానం ఉంది. కానీ ఒకటి గమనించండి. జడ్జి ఒక్కో వాక్యం చదివారు. నేను ఒక్కటి కూడా చదవకుండా మొత్తం చెరిపేశాను.

నాలా భయపడటం కొత్తేమీ కాదు. ఇంగ్లండులోనే గాడ్‌ఫ్రే అనే ఆయన డీమన్ ఇంటర్నెట్ అనే కంపెనీ మీద వేసిన కేసులో 1999లో తీర్పు వచ్చింది. పరువు తీసే రాత ఉందని తెలియజేసిన తర్వాత కూడా దాన్ని ఉంచితే, రాసింది మేం కాదు అనే రక్షణ దొరకదని కోర్టు అంది. దాంతో ఫిర్యాదు రాగానే తీసెయ్యడమే క్షేమమైంది. నిజమా కాదా తేల్చే ఓపిక ఎవరికుంటుంది? 2013లో వచ్చిన చట్టం దీన్ని కొంత సరిచేసింది. రాసిన మనిషి ఎవరో ఫిర్యాదుదారుకి తెలుసుకునే వీలుంటే వేదిక నడిపేవాడికి రక్షణ ఉంటుంది. వ్యాఖ్యల్ని పర్యవేక్షించాడన్న ఒక్క కారణంతో ఆ రక్షణ పోదు. లాభం కోసం నడిచే సంస్థ పరువు దావా వేయాలంటే తీవ్రమైన ఆర్థిక నష్టం జరిగిందనో, జరగబోతోందనో చూపించాలి. మనసు నొచ్చుకుంది అంటే చాలదు.

మన దగ్గర సంగతేంటి? ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తికి, అంటే ఇతరుల రాతలకి చోటిచ్చేవాడికి, రక్షణ ఇస్తుంది. తప్పుడు రాత ఉందని "తెలిసిన" తర్వాత తీయకపోతే ఆ రక్షణ పోతుంది. తెలియడం అంటే ఏమిటి? 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ సంస్థ నోటిఫికేషనో రావాలి. 66ఏ కొట్టేసిన తీర్పుగా దాన్ని అందరం గుర్తుపెట్టుకున్నాం, ఈ భాగాన్ని మర్చిపోయాం. నాకు నోటీసు వచ్చింది ఆ తీర్పు తర్వాతే. ప్రైవేటు లాయరు కాగితం కోర్టు ఉత్తర్వు కాదు. ఈ సంగతి ఆ రాత్రి నాకు తెలియదు. తెలియదని ఆ లాయరుకి మాత్రం బాగా తెలుసు.

ఇక రాసినవాడి బాధ్యత. ఇక్కడ పుస్తక సమీక్షలు చదివే మనందరికీ పనికొచ్చే ముక్క ఒకటి పాత శిక్షాస్మృతి 499లో ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356లోనూ ఉంది. ప్రజల తీర్పు కోసం ముందుపెట్టిన ప్రదర్శన మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం పరువు నష్టం కాదు. చట్టమే ఒక పుస్తకాన్ని ఉదాహరణగా చూపిస్తుంది. ఈ పుస్తకం తెలివితక్కువగా ఉంది, రాసినవాడు బలహీనుడై ఉండాలి అంటే తప్పు కాదు, ఆ మాట పుస్తకంలోంచి పుట్టింది కాబట్టి. రాసినవాడు బలహీనుడు, లంపటుడు, పుస్తకం ఇలా ఉండటంలో వింతేముంది అంటే మినహాయింపు దొరకదు, ఆ మాట మనిషి మీదికి పోయింది కాబట్టి.

మైదానానికి ఇదే కొలత పెట్టండి. "ఈ కెప్టెన్‌కి ఫీల్డింగ్ పెట్టడం రాదు" అనేది ఆటలోంచి పుట్టిన మాట. "ఈ అంపైరు డబ్బు తిన్నాడు" అనేది ఆరోపణ. రెండోది రాసినవాడు ఆధారం చూపించాలి. ఆ అంపైరు ఏ బడి పంతులో అయ్యుంటాడు, రేపు క్లాసులో పిల్లల ముందు నిలబడాలి. అతని పరువు పరువు కాదా? అభిమానం పేరుతో అబద్ధం రాసినవాణ్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. జవాబు చెప్పాల్సింది మాత్రం రాసినవాడు. గోడ ఇచ్చినవాడు కాదు, పక్కన సణిగిన పదిమందీ కాదు.

క్లబ్బుల గురించి కూడా ఒక మాట. టికెట్లు అమ్మేటప్పుడు "మన జట్టు" అంటారు. ఊరి పేరు పెట్టుకుంటారు. లెక్కలు అడిగితే మాది ప్రైవేటు సంస్థ అంటారు. క్రికెట్ బోర్డు చేసేది ప్రజా ప్రయోజనంతో ముడిపడిన పని అని, అది కోర్టుల పరిశీలనకి లోబడాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. 2023లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ వ్యవహారాలు చూడటానికి అదే కోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేసింది. క్రికెట్ పాలన సుప్రీంకోర్టు పట్టించుకోదగ్గ విషయమైనప్పుడు, ఎండలో గంటలకొద్దీ కూచుని చూసే అభిమాని దాని గురించి నోరెత్తితే నేరమెలా అవుతుంది?

నేరమే అవుతోంది. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం సబబేనని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. రెండేళ్లదాకా జైలు. గెలుస్తామా ఓడతామా అనేది తర్వాత. వాయిదాలకి తిరగడమే శిక్ష. క్లబ్బు తరఫున లాయరు తిరుగుతాడు, అభిమాని ఉద్యోగానికి సెలవు పెట్టుకుని తిరుగుతాడు.

అందుకే నేను కోరేది ఇది. ఆట మీద, ఆట పాలన మీద మాటకి జైలు ఉండకూడదు. దావా వేసే సంస్థ తనకి జరిగిన నష్టమేంటో ముందు చూపించాలి. నోటీసు ఇచ్చేవాడు ఏ వాక్యం అబద్ధమో, ఎందుకు అబద్ధమో రాయాలి. రాయని నోటీసుకి విలువ లేదని చట్టంలోనే ఉండాలి.

ఇవన్నీ వచ్చేదాకా, నాలా వేదికలు నడిపేవాళ్లకి ఒక మాట. కులం పేరుతో తిట్టినదీ, చంపుతానని బెదిరించినదీ తీసెయ్యండి, దానికి ఏ నోటీసూ అక్కర్లేదు. మిగతావాటి విషయంలో నోటీసు రాగానే మీట నొక్కకండి. ముందు చదవండి. రాసిన మనిషికి ఫోన్ చేసి, ఇది నిజమేనా, నిలబడతారా అని అడగండి.

మాస్టారూ, మీరు రాసింది అబద్ధమని నేను అనుకోలేదు. అసలు చదవలేదు.